యారాలి కారులో ఎయిర్ బ్యాగు

కుళ్లు అనే మాటను పైకి అనడానికి సిగ్గుపడే వయసు నాకు దాటిపోయింది. నేను కుళ్లుకున్నాను. నా యారాలిని చూసి, అంటే మా ఆయన తమ్ముడి భార్యను చూసి, ఆమె కారును చూసి, ఆ కారులోని ఎయిర్ బ్యాగులను చూసి కడుపు మండి చచ్చాను. ఇది తొంభైల నాటి మాట. అప్పుడు మేము కరీంనగర్‌లో ఉండేవాళ్లం. ఒకటే వాకిలి, దానికి అటు మా రెండు గదులు, ఇటు వాళ్ల రెండు గదులు, మధ్యలో మా అత్త మంచం. నా యారాలు పోపు వేస్తే నాకు దగ్గు వచ్చేంత దగ్గర. అంత దగ్గర ఉంటే ఏది దాగుతుంది? వాళ్లింటికి ఏది వచ్చినా ముందు నా కంట్లోనే పడేది.

మాకూ కారు ఉండేది. చిన్నది, ఇంకొకరు వాడి వదిలేసింది, అయినా మా వాడలో మొదటి కారు మాదే. మా ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేరి ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. మా కారులో ముందు సీట్లకు బెల్టులు ఉండేవి. ఆ రోజుల్లో వాటిని పెట్టుకునే మనిషి ఊరంతా వెతికినా దొరకడు. మా ఆయన మాత్రం తాళం తిప్పకముందే బెల్టు లాగి టక్కుమని పెట్టుకునేవాడు, నాకూ పెట్టించేవాడు. స్తంభాలెక్కిన మనిషి కదా. నడుముకు బెల్టు కట్టుకోకుండా ఎక్కినవాళ్లు ఏమయ్యారో కళ్లారా చూశాడు. "మీదికెక్కి రెండు చేతులు ఇడిసిపెట్టి పని చేస్తమంటే గా బెల్టు మీద నమ్మకంతోని గాదే?" అనేవాడు. వాడలోవాళ్లు నవ్వేవారు. "సారు పంతులమ్మను కట్టేసి తీస్కపోతుండు, ఉరికిపోతదని భయమేమో" అని నన్ను చూసి ఎదురింటామె అరిచేది. నవ్వితే నవ్వారు, కారులో కూర్చున్నది నేను కదా అనుకునేదాన్ని.

నా యారాలు ఐదో తరగతి దాకా చదివింది. తెలుగు కూడబలుక్కుని చదివేది, ఇంగ్లీషు అక్షరం రాదు. మా మరిది గల్ఫ్‌లో ఒక భవనాల కంపెనీలో పనిచేసేవాడు. అక్కడి నుంచి వచ్చిన ప్రతి సీసా, ప్రతి డబ్బా నా దగ్గరికి రావాల్సిందే. "అక్కా, గిది నెత్తికా, ఒంటికా?" అని అడిగేది. నేను కళ్లద్దాలు సవరించుకుని, చేతిలో పనున్నా లేకున్నా కొంచెం ఆగి, అప్పుడు చదివి చెప్పేదాన్ని. నేను బడిలో ఇంగ్లీషు టీచర్‌ను. కాగజ్‌నగర్‌లో పుట్టాను, మా బాపు కాగితాల మిల్లులో పనిచేసేవాడు. పల్లీలు కట్టుకొచ్చిన పొట్లం కూడా విప్పి చదవనిదే పారేసేవాళ్లం కాదు. ఆమెకు మెడలో గొలుసులు ఉన్నాయి, నాకు ఇంగ్లీషు ఉంది. అట్లా నాకు నేను సర్ది చెప్పుకుని బతుకుతున్నాను.

ఆ యేడు మా మరిది అక్కడి పని మానుకుని వచ్చేశాడు. బొంబాయిలో దిగి, అక్కడే ఎవరో విదేశం నుంచి తెప్పించుకున్న కారు కొన్నానని ఫోన్ చేశాడు. పక్కింటి ఫోన్‌లో మాట్లాడింది నేనే. గరగరమంటున్న ఆ లైనులో నాకు స్పష్టంగా వినిపించిన మాట ఒకటే. "వదినా, కారుల రెండు ఎయిర్ బ్యాగులున్నయి!"

మా వైపు ఎయిర్ బ్యాగంటే ఏమిటో చెప్పాలి. భుజానికి వేసుకునే జిప్పు సంచి. గల్ఫ్ నుంచి దిగిన ప్రతివాడి భుజానికీ ఒకటి ఉంటుంది. అందులో సబ్బులు, సెంటు సీసాలు, టార్చిలైటు, పిల్లలకు చాక్లెట్లు. పెళ్లికి పోయినా, బడి పిల్లలను ఎక్కడికైనా తీసుకుపోయినా ఎయిర్ బ్యాగు భుజాన ఉన్న మనిషికి మర్యాదే వేరు. పోయినసారి తెచ్చిన ఎయిర్ బ్యాగు నా యారాలి తల్లిగారింటికి పోయింది. అప్పుడు నేను వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. ఈసారి రెండు! మా అత్త మంచం మీద నుంచే తీర్పు చెప్పేసింది. "ఒకటి పెద్దోనికి, ఒకటి చిన్నోనికి. కొట్లాట లేదు ఇగ." నేను బీరువా మీద పాత పెట్టె తీసేసి జాగా చేశాను. బడిలో తోటి టీచర్లకు కూడా చెప్పుకున్నాను.

కారు వచ్చింది. ఏం చెప్పను! ముదురు నీలం రంగు, మన ముఖం మనకే కనిపించేంత నునుపు. వాకిట్లో ఆగితే మా కారు దాని వెనక ఎక్కడుందో కూడా తెలియలేదు. వాడంతా చేరింది. నా యారాలు రెండేళ్ల బిడ్డను చంకనేసుకుని, కొత్త చీర కట్టుకుని, అప్పుడే ముందు సీట్లో ఒకసారి కూర్చుని దిగింది. నేను డిక్కీ చూశాను, వెనక సీటు చూశాను, సీటు కింద కూడా వంగి చూశాను. ఇక ఆగలేక అడిగేశాను.

"రెండు ఎయిర్ బ్యాగులన్నవు గదా, ఏడున్నయి? మాదేది?"

మా మరిది ముందు నోరు తెరిచాడు. తర్వాత పగలబడి నవ్వాడు. నా యారాలైతే గడప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. లేచి వచ్చి ముందు సీటు ఎదుట ఉన్న పలకను అరచేత్తో కొట్టి చూపించింది. "గిదక్కా! గిండ్ల దాసిపెట్టిన్రట. ఒకటి గీడ, ఒకటి స్టీరింగుల. బండి దేనికన్న గుద్దుకుంటె బుస్సుమని బయటికొచ్చి మనిషిని పట్టుకుంటదట!" అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఇంగిలీషు పంతులమ్మకు ఎయిర్ బ్యాగంటె తెల్వదట ఓ!" అని ఎదురింటామెకు వినపడేలా అంది. ఆ సంగతి తనకు తెలిసి గంట కూడా కాలేదు! నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు స్టాఫ్ రూములో అడుగు పెట్టగానే ఒకాయన, "మేడం, మీ ఎయిర్ బ్యాగు దొరికిందా?" అన్నాడు. ఎవరు మోశారో ఈ మాటను, వాళ్ల నోట్లో మన్నుపడ!

ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. అన్నాళ్లూ దవాఖానకు పోవాలంటే మా కారే ఎక్కిన మా అత్త, ఇప్పుడు చిన్నకొడుకు ఖాళీ అయ్యేదాకా కూర్చునేది. "గా కారుల కూసుంటె కడుపుల సల్ల కదలది. పెద్దోని కారుల ఎద్దును కట్టేసినట్టు కట్టేస్తరు" అని వచ్చిన వాళ్లకల్లా చెప్పేది. వెనక సీట్లో కూర్చునే మనిషిని ఎవరు కట్టేశారమ్మా? వెనక బెల్టులే లేవు! నా యారాలు ఆ ఎయిర్ బ్యాగు పలక మీది ఇంగ్లీషు అక్షరాలకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. పొద్దున పొద్దున్నే గుడ్డ పట్టుకుని తుడిచేది. నేను బడికి తయారవుతూ కిటికీలోంచి చూసేదాన్ని. చూడకుండా ఉందామనుకునేదాన్ని, ఉండలేకపోయేదాన్ని.

ఒకనాడు మధ్యాహ్నం ఆమె రెండు గ్లాసుల చాయ్, చంకలో ఒక పుస్తకం పెట్టుకుని వచ్చింది. కారుతో పాటు వచ్చిన పుస్తకం, అంతా ఇంగ్లీషే. "అక్కా, జర గీ బ్యాగు సంగతి ఏమున్నదో సదివి చెప్పవా? మీ మరిదికి సగం తెలుసు, సగం తెల్వది. నువ్వైతె పక్కాగ చెప్తవు" అంది. నవ్విన సంగతి ఆమెకు గుర్తు కూడా లేదు. నాకు మాత్రం ఆమె కొంగు నోట్లో కుక్కుకున్నది ఇంకా కళ్లముందే ఉంది.

చదివాను. బొమ్మలు వేసి మరీ రాశారు. బెల్టు పెట్టుకున్న మనిషికే ఈ సంచి సాయం. బెల్టు మనిషిని సీటుకు పట్టి ఉంచుతుంది, సంచి ఉబ్బి వచ్చి తలకు ఆసరా అవుతుంది. బెల్టు లేకుండా ముందుకు పడే మనిషిని అదే సంచి ఎదురొచ్చి కొడుతుంది. దానికి దగ్గరగా వంగి కూర్చోవద్దు. పసిపిల్లలను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవద్దు. ఈ మాటలన్నీ నల్లటి గీత గీసిన డబ్బాలో, పెద్ద అక్షరాలతో ఉన్నాయి. నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోలేదు.

"బండి జోరుగ పోయి దేనికన్న గుద్దుకుంటె, కన్నుమూసి తెరిచేలోపల బ్యాగు ఉబ్బుతదట" అన్నాను.

"మరి బెల్టు? బావ పెట్టుకుంటడు గదా. మేం గూడ పెట్టుకోవాల్నా?"

పుస్తకం మూశాను. లోపల మంట మంటే. "మీకెందుకు బెల్టులు? బెల్టులు మా అసుంటోళ్లకు. మీకు బ్యాగులున్నయి గదా, బ్యాగులు!" అన్నాను. అది దెప్పిపొడుపు. నవ్విన నోటికి తగిలేలా అన్నాను. కానీ ఆమె దాన్ని దెప్పిపొడుపు అనుకోలేదు. పుస్తకంలో ఉన్న మాట అనుకుంది. "గట్లనా!" అని ముఖం ఇంత చేసుకుని, చాయ్ గ్లాసులు కూడా తీసుకోకుండా వాకిలి దాటి పోయింది. "ఇనవడ్డదా? అక్క సదివింది. బ్యాగున్న బండికి బెల్టు అవసరం లేదట!" అని మొగుడికి చెప్పడం నాకు వినిపించింది. లేచి పోయి, కాదు పిల్లా, అట్లా కాదు అనాలి. చల్లారిన చాయ్ తాగుతూ కూర్చున్నాను.

రెండు రోజుల తర్వాత మా మరిది సీట్లకు మఖమల్ కవర్లు కుట్టించుకొచ్చాడు. బెల్టులు అడ్డంగా ఉంటే అందం పోతుందని కవర్లు కుట్టేవాడు వాటిని సీటు కిందికి తోసి, పైన కుట్టేశాడు. మా ఆయన చూసి, "ఏందిరా గిది? బ్యాగు సంగతి నాకు తెల్వది గని, బెల్టు బయటికి తియ్యిరా" అన్నాడు. మా మరిది నవ్వి, "వదిన బుక్కు సదివింది అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను, తల ఎత్తలేదు.

ఒక మంగళవారం కొండగట్టు అంజన్న దగ్గర బండి పూజకు బయల్దేరాం. ముందు వాళ్ల కారు, మా అత్త అందులోనే వెనక సీట్లో. వెనక మేమిద్దరం, బెల్టులు పెట్టుకుని. వాళ్ల వెనక అద్దంలోంచి నాకు పసిదాని తల కనిపిస్తూనే ఉంది. తల్లి ఒళ్లో నిలబడి, ఎదుట బొట్టుపెట్టిన ఆ పలక మీద రెండు చేతులూ ఆనించి ఎగురుతున్నది. నాకు పుస్తకంలోని నల్లగీత డబ్బా గుర్తొచ్చింది.

"నిజం చెప్పు, గా బుక్కుల బెల్టు సంగతి ఏమన్న ఉన్నదా?" అన్నాడు మా ఆయన.

"నేను చూడలే."

"చూడలేదా, లేదా?"

"రోడ్డు చూసి నడుపయ్యా" అన్నాను.

కొండ మీద పూజారి ఆ కారు ముందు కొబ్బరికాయ కొట్టి, సింధూరం పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కోతులు కూడా పోయి పోయి ఆ కారు మీదనే కూర్చున్నాయి, మా దాన్ని ఒక్కటీ తొక్కలేదు. దానికీ నాకు ఒళ్లు మండిందంటే నమ్ముతారా? దేవుడి ముందు అందరూ కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. ఏం మొక్కుకున్నానో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆ నీలం కారు ఒక్కసారి, ఒకే ఒక్కసారి దేనికైనా తగిలి, సొట్టపడాలని మొక్కుకున్నాను. మనుషులకేం కావద్దు స్వామీ, బండికే, అని కూడా అనుకున్నాను.

దిగి వచ్చేటప్పుడు నేను నేరుగా మా కారెక్కలేదు. వాళ్ల కారు దగ్గరికి పోయి, "పిల్లకు ముందల ఎండ కొడుతుంది. నాకియ్యి, మా కారుల వెనుక పండవెడ్త" అన్నాను. నా యారాలు మారు మాట్లాడకుండా అందించింది. "అక్కకు నా బిడ్డంటె ఎంత పావురమో, ఎంత ప్రేమనో" అంది అత్తతో. ఆ క్షణాన ఒక్క మాట అంటే అయిపోయేది. సీటు కవరు చింపి బెల్టు బయటికి తియ్యి అంటే సరిపోయేది. అప్పుడు ఎందుకు ముందు చెప్పలేదని అడుగుతుంది కదా. బిడ్డను తీసుకుని వచ్చేసి వెనక సీట్లో కూర్చున్నాను.

పది మైళ్లు కూడా రాలేదు. మక్కల బస్తాలతో పోతున్న ట్రాక్టరు, బర్రె అడ్డం వచ్చిందని ఉన్నపళంగా ఆగింది. మా మరిది బ్రేకు వేశాడు కానీ ఆగలేదు. పెద్ద చప్పుడు. మేము దిగి ఉరికేసరికి కారులోంచి పొగలాగా తెల్లటి దుమ్ము వస్తున్నది. పలకలోంచి ఊడి వచ్చిన సంచి గాలి పోయి వేలాడుతున్నది. మా మరిది ఛాతీ పట్టుకుని మూలుగుతున్నాడు. మా అత్త మోకాలు పట్టుకుని దేవుణ్ని తిడుతున్నది. నా యారాలు అప్పుడే అత్తకు ప్రసాదం ఇద్దామని కాళ్ల దగ్గరి సంచిలోకి వంగి ఉందట. రెండు చేతులూ ముఖం మీద పెట్టుకుంది, వేళ్ల సందుల్లోంచి రక్తం. గాజులన్నీ ముక్కలు.

"పిల్లేది? నా పిల్ల?" అని అరిచింది.

"నా దగ్గర్నే ఉన్నది. పండుకున్నది."

ఆ రక్తపు చేతులతోనే నాకు దండం పెట్టింది.

దవాఖానకు వాడంతా కదిలి వచ్చింది. అందరి నోటా ఒకటే మాట. "అంజన్నే పెద్దకోడలి నోట పలికిచ్చిండు, లేకుంటె పసిదాని పాణం పోతుండె." ఇంకొకామె, "బ్యాగు మంచిది, గా బ్యాగు లేకుంటె తల్లి గూడ దక్కకపోతుండె" అంది. సిగ్గులేని మనసు నాది, ఆ మాటకు కూడా, ఇప్పుడూ ఆ బ్యాగుకే మెప్పా అని చురుక్కుమంది.

డాక్టరు బయటికి వచ్చి, ఎడమ కంటికి దెబ్బ బలంగా తగిలింది, చూపు ఎంత నిలుస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. "బెల్టు పెట్టుకోలేదా? ఆ సంచి ఒక్కటే సరిపోదు కదా. బెల్టు ఉంటే ఇంత దెబ్బ తగలకపోయేది" అన్నాడు.

"గట్ల రాసిలేదు సార్. మా వదిన బుక్కంత సదివింది. టీచరామె" అన్నాడు మా మరిది.

అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన కూడా. "గా ఇంగ్లీషు కష్టంగ ఉండె. నాకు సరిగ సమజ్ కాలే" అన్నాను. నా నోటితో నేనే. పదిమంది ముందు, నాకు ఇంగ్లీషు రాదని. మా ఆయన లేచి బయటికి పోయాడు. పేపర్లో అచ్చుతప్పు కనిపిస్తే ఎర్ర పెన్నుతో దిద్దే పెళ్లాం ఆయనది, ఎట్లా నమ్ముతాడు?

సాయంత్రం గదిలో నేను, నా యారాలు, నా ఒళ్లో ఆమె బిడ్డ. యారాలి ముఖంలో సగం కట్టుతో కప్పి ఉంది. నా ముఖం చూసి ఆమే ఓదార్చింది. "పోనీ తియ్యక్కా. ఇంగిలీషు గదా, ఒక్కోపాలి సమజ్ కాకపోవచ్చు. పరేషాన్ గాకు."

అంతకంటే నన్ను చెంప మీద కొట్టినా బాగుండేది. "అయ్యింది" అన్నాను. "అంత సమజైంది. బెల్టు పెట్టుకోవాలని ఉన్నది. పిల్లను ముందల కూసోపెట్టద్దని ఉన్నది. నేనే చెప్పలే."

ఆమె ఒంటికన్నుతో నన్ను చూసింది. ఎందుకు చెప్పలేదని అడుగుతుందనుకున్నాను. జవాబు తయారుగా పెట్టుకున్నాను. కుళ్లుకున్న చెల్లే, నీ మీద కుళ్లుకున్న, అని చెప్పేద్దామని. ఆమె అది అడగలేదు.

"గందుకేనా, పిల్లను నీ కారులకు తీస్కున్నవు?"

"ఆ."

"మరి నన్నెందుకు దించలే అక్కా?"

నాకు ఏడుపు వచ్చింది. ఆమె ఏడవలేదు. దుప్పట్లోంచి చెయ్యి నా వైపు చాపింది. నా చెయ్యి కోసమనుకుని నా చెయ్యి అందించాను. ఆమె దాన్ని పక్కకు జరిపి, నా ఒళ్లోంచి బిడ్డను తీసుకుంది.